నారింజతోట మహలు తలుపు

“రేపు కోర్టులో నోరు విప్పేదాకా ఈయన బతికుండాలి. నీ డ్యూటీ అంతే,” అన్నాడు కర్నల్ అర్జుమంద్, ఇంజనీర్ సోహ్రాబీని మహల్లో దింపేసి వెళ్లిపోతూ. “విదేశీ ముఠా చీఫ్ మొహం చూసింది ఈయనొక్కడే. మధ్యాహ్నం ఫరంగీస్ కబురు తెస్తుంది. మూడుసార్లు తలుపు కొడుతుంది. అదే కోడ్.”

ఫరంగీస్! ఏజెంట్ కామ్యార్ గుండె ఝల్లుమంది. పట్టు స్కార్ఫు, నల్ల కళ్లజోడు, ముఠాలో ఉంటూ వాళ్ల గుట్టు మోసుకొచ్చే డబుల్ ఏజెంట్. కాషాన్ పట్టణం శివార్లలోని ఈ పాత రాజమహల్లో వాచ్‌మన్ వేషంలో రెండేళ్లుగా ఒంటరిగా పడి ఉన్నవాణ్ణి, మనిషంటూ వచ్చి పలకరించేది ఆవిడొక్కతే.

మహలు కట్టించిన రాజెవరో గానీ మహా గడుసువాడు. వీధి తలుపు దాటగానే ఎనిమిది మూలల గది, అక్కణ్ణించి వంకర దార్లు. అవి దాటితే గానీ నారింజతోటా, నీటి కాలవా, అద్దాల హాలూ బయటివాడి కంటపడవు. తలుపు కొట్టడానికీ రెండు ఏర్పాట్లు: ఒక రెక్కకి మగవాళ్లకోసం లావు ఇత్తడి కడ్డీ, రెండో రెక్కకి ఆడవాళ్లకోసం సన్నటి రింగు. దేని చప్పుడు దానిదే; వచ్చింది ఆడో మగో లోపలివాళ్లకి తలుపు తీయకుండానే తెలిసిపోతుంది.

ఊరంతా కునుకు తీస్తోంది. సోహ్రాబీ పంటికింద చక్కెర బిళ్ల పెట్టుకుని టీ చప్పరిస్తున్నాడు.

“ఏం మనిషివయ్యా! గోడలతో మాట్లాడతావేం?”

“గోడలు ఎదురు చెప్పవు ఇంజనీరు గారూ.”

ధన్. ధన్. ధన్.

కామ్యార్ పరుగెత్తాడు. సందులోంచి చూశాడు. నల్ల చాదర్ ముసుగు, పట్టు స్కార్ఫు అంచు, ఆవిడ వాడే సెంటే. గడియ మీద పెట్టిన చెయ్యి ఆగిపోయింది.

మోగింది కడ్డీ! ఇక్కడ పుట్టిన ఆడది దాన్ని ముట్టుకోదు. ఎన్ని ముసుగులేసినా మగవాడి చెయ్యి అలవాటుగా దానిమీదికే పోతుంది.

గడియ తీసి రెక్క చాటున నక్కాడు. ముసుగు మనిషి లోపలికొచ్చి, ఎటు పోవాలో తెలీక తడబడ్డాడు.

“ఆవిడేనా?” అంటూ సోహ్రాబీ వచ్చేశాడు. సైలెన్సర్ పిస్టల్ లేచింది. కామ్యార్ వాడి మణికట్టు మెలిపెట్టాడు. బుల్లెట్ ఇంజనీరు టోపీ ఎగరగొట్టి గోడలో దిగింది. చాదర్ కింద బయటపడ్డాయి బుర్రమీసాలు.

“కోడ్ ఎవరిచ్చార్రా?”

“ఇంకెవరు, నీ ఫరంగీసే. ఎగురుకుంటూ వచ్చి తలుపు తీస్తావని కూడా చెప్పింది.”

కామ్యార్‌కి ఏడుపొచ్చినంత పనైంది.

సాయంత్రం కర్నల్ భుజం తట్టాడు. “శభాష్! ఏం కావాలో కోరుకో.”

“ఈసారి కరెంటు బెల్లున్న ఇంట్లో వెయ్యండి సార్.”

“ఎందుకూ?”

“తలుపు తీసేదాకా అయినా, వచ్చింది ఆవిడే అనుకోవచ్చు.”