తొమ్మిది మెట్లు, వెనక తలుపు

"మీరు వాళ్ల మనిషి కారు," అన్నాడు ఆ కుర్రాడు.

కున్‌మింగ్ సౌత్ స్టేషన్ బయట వాన దంచికొడుతోంది. డువాన్ వెయ్‌లాన్ జుట్టంతా మొహానికి అతుక్కుపోయింది. చేతిలో 'నాచు మొక్కల సదస్సు' అని రాసిన అట్ట తడిసి కింది సగం వేలాడుతోంది. పొద్దుటి నుంచి పన్నెండు మంది అతిథుల్ని బస్సెక్కించింది. పదమూడోవాడు ఇలాంటివాడు దొరికాడు.

"కాకపోతే ఈ వానలో సరదాకి నిలబడ్డానా? అట్ట కనబడట్లేదా?"

"అట్ట ఎవరైనా రాసుకుంటారు. ఇదిగో, సదస్సు వాళ్ల పేజీలో ఐదో అంశం." అతను ఫోను తీసి చదివాడు. "'స్టేషన్ బయట అట్టలు పట్టుకుని చాలామంది పిలుస్తారు. వెళ్లకండి. ఆకుపచ్చ రెయిన్‌కోటు వేసుకున్నవాళ్లే మావాళ్లు. కోటు లేనివాళ్లు ఎంత తియ్యగా మాట్లాడినా నమ్మకండి.' మీకు కోటూ లేదు, తియ్యగా మాట్లాడటమూ లేదు."

వెయ్‌లాన్‌కు తిక్క రేగింది. ఆ పేజీ రాసింది తనే. 'అతిథులకు ప్రయాణ, వసతి సమాచారం' అనే ఆ పేజీలో ఒక్కో అక్షరం తనదే. ఆకుపచ్చ కోటు అరగంట కిందట రైల్లో గొడుగు మరిచిపోయిన ఒక ముసలాయనకు తొడిగి పంపించింది. ఆ మాట చెబుదామని నోరు తెరిచింది.

అతను మాట్లాడనిస్తేగా! "ఈ పేజీ రాసిన పెద్దాయన మీద నాకు గురి. తక్కువలో తక్కువ అరవై ఏళ్లుంటాయి. ఎంత నెమ్మది, ఎంత ఓపిక! ఇలా నడిరోడ్డు మీద నిలబడి అరిచే మనిషి కాడు."

తెరిచిన నోరు వెయ్‌లాన్ మూసేసుకుంది. నోరు మంచిదైతే ఊరు మంచిదవుతుందంటారు. తన నోరు ఎలాంటిదో ఆమెకు తెలుసు. ఇప్పుడు 'ఆ పెద్దాయన్ని నేనే' అంటే నమ్మేదెవరు?

పెట్టె మీద కూర్చున్న ముసలావిడ చేతికర్రతో అతని కాలు పొడిచింది. ఆవిడ గు మేడమ్. టియాంజిన్‌లో అతనికి చదువు చెప్పిన టీచరు. డెబ్బై ఎనిమిదేళ్లు.

"ఒరేయ్ పెయ్ రాన్, ఆ పిల్ల బూట్లు చూడరా. పొద్దుటి నుంచి నానిన బూట్లవి. మోసం చేసేవాళ్లకు అంత ఓపిక ఎక్కడిది? పద, పద."

బస్సులో పెయ్ రాన్ తన తువ్వాలు ఆమె వైపు చాచాడు. "తప్పుగా అనుకోకండి. టియాంజిన్ వాళ్లకు నోటికి గేటుండదు."

"కున్‌మింగ్ వాళ్లకు చెవులకు ఉంటుంది," అంది వెయ్‌లాన్. తువ్వాలు మాత్రం తీసుకుంది.

ఆ పేజీ వెనక చిన్న కథ ఉంది. మార్చిలో యూనివర్సిటీ వృక్షశాస్త్ర విభాగం డైరెక్టర్ గారు నాలుగు వాక్యాలు రాసి పడేయమన్నాడు. వెయ్‌లాన్ పదహారు అంశాలు రాసింది. 'మొదటి రోజు మెట్లెక్కితే ఆయాసం వస్తుంది. కంగారు పడకండి, అది మీ వయసు కాదు, మా ఊరి ఎత్తు.' 'మూడో అంతస్తులో వేడినీళ్లు రావడానికి రెండు నిమిషాలు పడుతుంది. తిట్టుకోకుండా ఆగండి, వస్తాయి.' 'మీ ప్రసంగం అయ్యేదాకా అడవి పుట్టగొడుగులు తినకండి. సరిగ్గా ఉడక్కపోతే కళ్ల ముందు చిట్టి మనుషులు తిరుగుతారు. ప్రసంగం అయ్యాక మీ ఇష్టం.'

డైరెక్టర్ గారు చదివి, "ఇది నోటీసా, అమ్మమ్మ రాసిన ఉత్తరమా? తీసెయ్," అన్నాడు. తీసేసిందో లేదో చూడటం ఆయన మరిచిపోయాడు. ఆమె కావాలనే మరిచిపోయింది. ఎలాగూ ఎవరూ చదవరులే అనుకుంది. ఆ విభాగంలో రెండేళ్లుగా ఆమె చేసే పనులన్నీ అలాంటివే. జరిగితే ఎవరికీ కనబడవు, జరక్కపోతేనే కనబడతాయి.

బస్సు గెస్ట్‌హౌస్ ముందు ఆగింది. గు మేడమ్ ముందు తలుపు వైపు చూడనైనా చూడకుండా, కర్ర టకటకలాడించుకుంటూ వెనక్కి నడిచింది. పెయ్ రాన్ పెట్టెలతో పరుగెత్తాడు.

"ఏడో అంశం," అన్నాడు వెనక వస్తున్న వెయ్‌లాన్‌తో. "'గెస్ట్‌హౌస్‌లో లిఫ్ట్ ఉంది. కానీ లిఫ్ట్ దాకా చేరాలంటే తొమ్మిది మెట్లున్నాయి. మోకాళ్ల నొప్పులున్నవారు వెనక వంటగది తలుపు నుంచి రండి. వంటాయన హె మేస్త్రీకి చెప్పి ఉంచాం.' మేడమ్ ఆరేళ్లుగా ఏ సదస్సుకూ వెళ్లలేదు. అందరూ 'లిఫ్ట్ ఉంది మేడమ్' అంటారు. వెళ్లాక మెట్లుంటాయి. నలుగురూ చేతులు పట్టి మోస్తుంటే ఆవిడకు సిగ్గు. ఈ ఏడో అంశం చదివి, 'పెట్టె సర్దరా' అంది."

వంటగది తలుపు తీసే ఉంది. హె మేస్త్రీ గరిటె చేత పట్టుకునే పక్కకు తప్పుకున్నాడు. గు మేడమ్ గడప దాటి, పొయ్యిల మధ్య నుంచి ఎవరి చెయ్యీ పట్టుకోకుండా లిఫ్ట్ దాకా నడిచింది. అక్కడ ఆగి కళ్లు తుడుచుకుంది.

"ఆ మెట్లు లెక్కపెట్టిన మనిషి ఎవరో కనుక్కోరా. చేతులు పట్టుకుని మాట చెప్పకుండా నేను రైలెక్కను."

రెండేళ్లలో ఎవరూ అనని మాట అది. వెయ్‌లాన్‌కు 'నేనే' అనాలనిపించింది. అప్పుడే పెయ్ రాన్ పేజీ అడుగున ఉన్న పేరు చూశాడు. 'సందేహాలుంటే: లూ'. లూ అన్నయ్య ఆమెకు సీనియర్. ఫోను నంబరు మాత్రమే అతనిది.

లూ అన్నయ్య మెడలో పేరు కార్డుతో ఎదురుగానే వస్తున్నాడు. పెయ్ రాన్ వెళ్లి రెండు చేతులూ పట్టేసుకున్నాడు. "ఆ పేజీ రాసింది మీరేనా? ఎంత గొప్పగా రాశారండీ!"

"అయ్యో, నేను కాదు, నేను కాదు," అన్నాడు లూ అన్నయ్య.

అక్కడే వచ్చింది చిక్కు. ఎవరైనా మెచ్చుకుంటే మర్యాద తెలిసినవాడు అక్కడ అనే మాట అదే. అవునని ఒప్పుకుంటే అహంకారం కింద లెక్క. అతను నిజం చెబుతుంటే పెయ్ రాన్‌కు వినయం వినబడింది.

"ఎంత అణకువ!" అన్నాడు పెయ్ రాన్.

"నిజంగా కాదండీ. ఏదో, అందరి పని."

"చూశారా మేడమ్, నేను చెప్పలా? అచ్చం ఆ పేజీలో మాటతీరే!"

లూ అన్నయ్య ఎంత కాదంటే అంత గట్టిగా రుజువైపోయింది. వెయ్‌లాన్ తేలు కుట్టిన దొంగలా నిలబడింది. ఆ రాత్రి విందులో గు మేడమ్ లేచి నిలబడి, అందరి ముందూ లూ అన్నయ్య పేరు చెప్పి గ్లాసు ఎత్తింది. లూ అన్నయ్య చెవులు ఎర్రబడ్డాయి. ఇక ఇప్పుడు నిజం చెబితే నలుగురిలో అతని పరువు పోతుంది. పైగా మెప్పు అడిగి తీసుకున్నట్టుంటుంది. అడిగి తెచ్చుకున్న మెప్పు ఏం రుచి?

తరవాతి రెండు రోజులూ ఎక్కడ చూసినా పెయ్ రానే. వాన వచ్చినప్పుడల్లా గొడుగు మరిచిపోయి ఆమె గొడుగులోకి దూరేవాడు.

"మీకు గొడుగు లేదా?"

"ఉంది. గదిలో హాయిగా నిద్రపోతోంది. పాపం, లేపడమెందుకు?"

విశ్రాంతి వేళల్లో గ్రంథాలయం వెనక పాత గోడ దగ్గరికి ఆమెను లాక్కుపోయేవాడు. గోడంతా నాచు. 'సదస్సులో చూపించేవాటి కన్నా మంచి నాచు ఈ గోడ మీద ఉంది, వాన ఆగిన పది నిమిషాలకు చూడండి' అని పదకొండో అంశం. వాన ఆగేది. ఇద్దరూ గోడకు ముక్కులు ఆనించి చూసేవాళ్లు. ఒకసారి ఇద్దరి తలలూ ఢీకొన్నాయి. తల రుద్దుకుంటూ ఆమె తిట్టింది. అతను నవ్వాడు. ఆ నవ్వుకు తిట్టే మాట మధ్యలో ఆగిపోయింది.

"లూ గారు ఎంత అదృష్టవంతులండీ," అన్నాడతను గోడ వైపే చూస్తూ. "వాన ఆగాక పది నిమిషాలని ఎవరు గమనిస్తారు? ఇలా చూడటం వచ్చిన మనిషి పక్కన ఉంటే జన్మంతా ఏ ఊరైనా ఫర్వాలేదు. ఆయన ఆడపిల్ల కాకపోవడం నా దురదృష్టం."

వెయ్‌లాన్ గొడుగు ముడిచి విదిలించింది. నీళ్లన్నీ అతని మొహం మీద పడ్డాయి.

"ఇప్పుడేం తప్పు చేశానండీ?"

"ఏం లేదు. వాన ఆగిపోయింది."

"రేపు నాలుగింటికి మా రైలు," అన్నాడతను మొహం తుడుచుకుంటూ. ఏదో జవాబు కోసం ఆగాడు.

"మంచిది. గొడుగు మరిచిపోకండి," అంది.

ఇంతకన్నా మంచి మాట దొరకలేదా అని రాత్రంతా తన్ను తానే తిట్టుకుంది. ఆ మనిషి వెళ్లిపోతాడు. ప్రేమించింది తన మాటల్నే, గుర్తు పెట్టుకునేది లూ అన్నయ్యని.

ఆదివారం మధ్యాహ్నం వెయ్‌లాన్ స్టేషన్‌కు వెళ్లలేదు. యూనివర్సిటీ వెనక గేటు సందులో వాళ్లమ్మ నడిపే బియ్యం నూడుల్స్ కొట్లో కూర్చుంది. ఈ కొట్టు పేజీలో పదహారో అంశం, ఆఖరిది. 'దారి తప్పితే డువాన్ వారి కొట్టుకు రండి. అక్కడి పెద్దావిడ గట్టిగా మాట్లాడుతుంది, భయపడకండి. వేడి టీ ఇస్తుంది, కూర్చోనిస్తుంది.'

వాళ్లమ్మ వెల్లుల్లి దట్టించి పుట్టగొడుగులు వేయించి పెట్టింది. ఈ వానల్లో అవి తినని కున్‌మింగ్ ఇల్లు లేదు.

"అమ్మా, బాగా వేగాయా?"

"నలభై ఏళ్ల నుంచి వండుతున్నా. నువ్వు పుట్టకముందు నుంచి వేగుతున్నాయి. తిను!"

తింది. నాలుగయింది. రైలు కదిలి ఉంటుంది. అయిదున్నరకు మళ్లీ వాన మొదలైంది. గడియారం కేసి చూసి, తల తిప్పేసరికి గుమ్మంలో పెయ్ రాన్ నిలబడి ఉన్నాడు. ఒంటి మీద ఆకుపచ్చ రెయిన్‌కోటు. నీళ్లు కారుతున్నాయి.

వెయ్‌లాన్ నిట్టూర్చింది. "అనుకున్నాను. అమ్మ తొందరపడి దించేసింది."

"ఏంటి?"

"పుట్టగొడుగులు. అందరికీ చిట్టి మనుషులు కనబడతారు. నువ్వు ఇంత పొడుగ్గా వచ్చావు. పైగా నా కోటు కూడా వేసుకొచ్చావు." మీరు అనే మాట ఎప్పుడో జారిపోయింది. కళ్లకు కనబడే మాయకు మీరేమిటి? "నిలబడే ఉండు. మాట్లాడకు. నువ్వు మాట్లాడితే మనకు పోట్లాటవుతుంది."

పెయ్ రాన్ నోరు తెరిచి, మూసుకున్నాడు.

"ఆ పేజీ రాసింది నేను. లూ అన్నయ్య కాదు. అరవై ఏళ్ల పెద్దాయన అంతకన్నా కాదు. మోకాలు వంగకుండా రెండు చాప్‌స్టిక్‌లు కట్టుకుని ఆ తొమ్మిది మెట్లూ ఎక్కి చూశాను, ఎంత కష్టమో తెలియాలని. ఎవరూ చదవరనుకున్నాను. నువ్వు చదివావు. కంఠతా పట్టావు. రెండేళ్లలో నా పనిని చూసిన మనిషివి నువ్వొక్కడివే, నన్ను మాత్రం చూడలేదు." చాప్‌స్టిక్‌లు గిన్నె మీద పెట్టేసింది. "నాకు నీ మీద కోపం లేదు. ప్రేమ ఉంది. అంతే. ఇక వెళ్లు. తెల్లారితే నాకు నయమైపోతుంది."

వంటింట్లోంచి వాళ్లమ్మ వచ్చింది. "ఎవరే ఈ అబ్బాయి? నేలంతా చెరువు చేశాడు!"

వెయ్‌లాన్ చటుక్కున లేచింది. "అమ్మా, నీకూ కనబడుతున్నాడా?"

"తలుపంత మనిషి కనబడక ఏం చేస్తాడే?"

"నువ్వూ తిన్నావు కదా!"

"నేను తినలేదండీ," అన్నాడు పెయ్ రాన్. "నాకు కూడా మీరు కనబడుతున్నారు."

ఎక్కడికైనా పారిపోదామంటే గుమ్మంలో అతనే ఉన్నాడు. వెయ్‌లాన్ రెండు చేతులతో మొహం కప్పుకుంది.

"రైలు?" అంది వేళ్ల సందులోంచి.

"టికెట్లు రేపటికి మార్చాను. వెళ్లేముందు మేడమ్ హె మేస్త్రీకి ధన్యవాదాలు చెబుతుంటే, 'నాకెందుకమ్మా, చాప్‌స్టిక్‌లు కట్టుకుని కుంటిన పిల్లకు చెప్పండి' అన్నాడు. కోటు కూడా ఆయనే ఇచ్చాడు. ఎవరో ముసలాయన వంటగదిలో వదిలి వెళ్లాడట, లోపల మీ పేరు కుట్టి ఉంది. లూ గారిని పట్టుకుంటే, 'మూడు రోజుల నుంచి కాదనే చెబుతున్నా కదయ్యా' అని ఏడ్చినంత పని చేశాడు."

"గు మేడమ్?"

"గెస్ట్‌హౌస్ వంటగదిలో పుట్టగొడుగులు తింటోంది. 'ప్రసంగం అయిపోయింది, ఇక నా ఇష్టం' అంటోంది. రేపు పొద్దున మీ చేతులు పట్టుకునేదాకా రైలెక్కదట. ఈలోగా నన్ను చెప్పమంది." అతను నడుము దాకా వంగాడు. నవ్వులాట గొంతు పోయింది. "'ఇన్నేళ్లలో నన్ను మోసిన చేతులు చాలా ఉన్నాయి. నన్ను నడవనిచ్చింది నువ్వొక్కదానివే తల్లీ' అని చెప్పమంది."

వెయ్‌లాన్ చేతులు దించింది. చెంపలు తడిసి ఉన్నాయి. ఈసారి వాన వల్ల కాదు.

"ఆవిడ మాట అయింది," అంది వాళ్లమ్మ గట్టిగా, ముక్కు ఎగబీలుస్తూ. "నీ మాటేమిటబ్బాయ్? గుమ్మానికి అడ్డంగా ఎందుకు నిలబడ్డావు?"

"దారి తప్పాను పిన్నిగారూ. తప్పితే ఇక్కడికే రమ్మని పదహారో అంశంలో ఉంది." అతను వెయ్‌లాన్ వైపు తిరిగాడు. "పక్కనే ఉన్న మనిషిని వదిలేసి మూడు రోజులు వేరేవాళ్లను పొగుడుతూ తిరిగాను. నా అంత దారి తప్పినవాడు ఈ సదస్సులో ఇంకొకడు లేడు."

వాళ్లమ్మ అతన్ని పైనుంచి కిందికి ఒకసారి చూసింది. లోపలికి వెళ్లి, పొగలు కక్కే నూడుల్స్ గిన్నె తెచ్చి, కూతురి గిన్నె పక్కన పెట్టింది. "చల్లారకముందే తిను. మా ఇంట్లో మాట్లాడేది తిన్నాకే."

పెయ్ రాన్ గడప దగ్గరే ఆగాడు. "లోపలికి రావచ్చా? మీ ఐదో అంశం చాలా కచ్చితంగా ఉంటుంది."

వెయ్‌లాన్ కళ్లు తుడుచుకుని, అతని భుజం మీద తడిసిన ఆకుపచ్చ కోటును సర్దింది.

"రా," అంది. "కోటు వేసుకున్నవాళ్లు మావాళ్లే."