పేరు పెట్టి పిలిచిన నంబరు

నెమలి రెండుసార్లు అరిచింది. ఒకసారి ఫోన్‌లో, ఒకసారి కిటికీ బయట.

చంద్రిక చేతిలోంచి ఫోన్ జారి కిందపడబోయింది.

ఒంటిపూట బడి అయిపోయింది. అన్నం తిని, అవ్వ నల్లమ్మ వసారాలో గుర్రుపెట్టి నిద్రపోతోంది. అమ్మ గుత్తిలోని పుట్టింటికి పోతూ, "అత్తా, ఫోన్ నీ కాడే పెట్టుకో. చంద్రికి మాత్రం ఇయ్యొద్దు" అని మరీ మరీ చెప్పింది. ఏం లాభం? అవ్వ తలగడ కింద నుంచి ఫోన్ లాగడం మన చంద్రికకు మంచినీళ్లు తాగినంత పని. రోజూ లోపలి గదిలో కూర్చుని వీడియోలు చూస్తోంది.

అప్పుడే ఆ నంబరు మోగింది. దానికి పేరు లేదు. ఎత్తితే మాట లేదు. గుయ్‌మని ఒకటే మోత. ఆ మోత వెనకాల గాలి. ఆ గాలిలోనే నెమలి అరిచింది. అదే అరుపు కిటికీలోంచి కూడా వినబడింది.

అంటే ఫోన్ చేసినవాళ్లు ఇక్కడే, దగ్గర్లోనే ఉన్నారు!

"ఎవరు?" అంది చంద్రిక, గొంతు తగ్గించి.

గుయ్‌మని మోత అంతే.

ఫోన్ కట్ చేసి కిటికీలోంచి తొంగి చూసింది. మిట్టమధ్యాహ్నం. ఎండకు వీధి తెల్లగా మెరుస్తోంది. కుక్క కూడా కనబడలేదు.

మరుసటి రోజు మళ్లీ అదే నంబరు. అదే మోత. ఈసారి ఎవరో దగ్గారు. ఖళ్ళుమని ఒక్క దగ్గు, అంతే. చంద్రిక ఒళ్లు జలదరించింది.

తెలియని నంబర్ల గురించి బడిలో సువర్ణ టీచర్ చెప్పనే చెప్పింది. "మాట్లాడొద్దు. ఇంట్లో పెద్దవాళ్లకు చెప్పండి. తర్వాత బ్లాక్ చేయొచ్చు." అంతా బాగానే ఉంది కానీ, ఆ మధ్యలో మాటే చంద్రికకు మింగుడుపడలేదు. పెద్దవాళ్లకు చెబితే ఫోన్ దొంగతనం బయటపడదూ?

అందుకని నోరు మూసుకుంది.

ఆ మరునాడు మధ్యాహ్నం ఫోన్ మళ్లీ మోగింది. ఎత్తకూడదు అనుకుంటూనే ఎత్తింది. గుయ్‌మని మోత. దాని వెనకాల, ఎక్కడో బావిలోంచి వచ్చినట్టు, ఒక గొంతు.

"చం...ద్రీ..."

చంద్రికకు ఊపిరి ఆగినంత పనైంది.

"చం...ద్రీ..."

అమ్మో! దానికి తన పేరు తెలుసు!

గబుక్కున కట్ చేసింది. వెంటనే ఆ నంబరు బ్లాక్ చేసేసింది. ఫోన్‌ను తలగడ కింద పెట్టేసి, గోడకు ఆనుకుని మోకాళ్లు ముడుచుకుని కూర్చుంది. ఫోన్ మళ్లీ మోగలేదు. అయినా భయం పోలేదు.

పొద్దు వాలుతుండగా అవ్వ లేచింది.

"మీ నాయన ఇంగా రాల్యా? ఈపొద్దు సద్ది గూడా తీసుకోని పోల్యా కదే!"

నాయన ఈశ్వరప్ప కోసం మూతపెట్టిన అన్నం అలాగే ఉంది. ఆయన చిన్న ఫోన్ గోడ దగ్గర ఛార్జింగ్‌లోనే ఉండిపోయింది. చంద్రిక ఆ రెండింటినీ మార్చి మార్చి చూసింది. ఇక ఆగలేకపోయింది.

"అవ్వా, నన్ను తిట్టొద్దు..." అని మొదలుపెట్టి, మోత, దగ్గు, పిలుపు, అన్నీ చెప్పేసింది.

అవ్వ తిట్టలేదు. ఒకటే అడిగింది.

"నెమలి అరిచిందా? మన చీనీతోట కాడ తప్ప ఈ చుట్టుపక్కల నెమళ్లు యాడుండాయే? పా, పా!"

పక్కింటి ఓబులేష్‌ను కేకేసి ముగ్గురూ బత్తాయి తోటకు పరుగెత్తారు.

బోరు దగ్గర మోటారు గుయ్‌మంటోంది. చంద్రిక గుండె ఝల్లుమంది. అదే మోత! మోటారు పెట్టె పక్కన నేలమీద నాయన కూర్చుని ఉన్నాడు. ఆయన పాదం మీద పెద్ద నాపరాయి. పెట్టెకు ఎండ తగలకుండా అడ్డం నిలబెడుతుంటే జారి పడిందట.

ఓబులేష్ గడ్డపారతో రాయి లేపి, కాలు బయటికి లాగాడు. పాదం గుమ్మడికాయలా వాచింది.

"కొత్త పెట్టె గదా," అన్నాడు నాయన. గొంతు బొంగురుపోయింది. "దీంట్లో సిమ్ముండాది. కరెంటొచ్చి మోటారు ఆడంగానే అదే ఇంటికి ఫోన్ చేస్తాది. ఎత్తితే ఈడి సౌండంతా ఆడ వినపడతాది. మీకు చెప్పేది మర్చిపోయినా. కరెంటు పోతా వస్తా ఉండె. వచ్చినప్పుడల్లా అరిచినా. ఎంత అరిచినా ఎవురూ రాల్యా."

చంద్రిక భోరుమంది. "నేనే నాయనా! దయ్యమనుకోని బ్లాక్ చేసినా!"

"దయ్యమేలే," అన్నాడు నాయన, నొప్పిలోనే నవ్వి. "చెట్లకు నీళ్లు పోసే దయ్యం."

అవ్వకు మాత్రం నవ్వు రాలేదు. మనవరాలిని దగ్గరికి లాక్కుని, "అంత భయమైతే నన్ను లేపాల గదే, పిచ్చిదానా! ఒక్కదానివే ఎట్లుంటివే?" అని కళ్లు తుడుచుకుంది.

నాయన కాలికి కట్టు కట్టారు. ఆ నంబరుకు చంద్రికే బ్లాక్ తీసేసి, 'నాయన బోరు' అని పేరు పెట్టింది.

కట్టు ఇంకా విప్పలేదు. ఒక మధ్యాహ్నం అవ్వ తలగడ కింద ఫోన్ మోగింది. బోరు కాదు. వేరే నంబరు, పేరు లేనిది. చంద్రిక చేయి ఫోన్ మీదికి పోయి ఆగింది. తర్వాత అవ్వ భుజం పట్టి ఊపింది.

"అవ్వా, లే! ఇది ఎవరిదో నాకు తెలీదు. నువ్వు గూడా విను."

స్పీకర్ పెట్టి, "హలో" అంది.

"పాపా," అంది ఒక మగ గొంతు. చక్కెర పాకంలా తియ్యగా ఉంది. "ఇంట్లో పెద్దవాళ్లు ఎవరూ లేరు కదా?"

చంద్రిక అవ్వ చేయి గట్టిగా పట్టుకుంది.

అవ్వ ఫోన్ మీదికి వంగింది. "ఉండాను నాయనా! చెప్పు, నీది ఏ ఊరు?"

టక్కున ఫోన్ కట్ అయింది.

అవ్వ చూస్తుండగా చంద్రిక ఆ నంబరు బ్లాక్ చేసి, ఫోన్ అవ్వ చేతిలో పెట్టింది.

తోట వైపు నుంచి నెమలి అరిచింది. ఒక్కసారే.