ముందు సీటు ఖాళీగా వదలకూడదు

వైనియాలో అనే ఏటి మీది వంతెన సంగతి ఫిజీలో మా రాకిరాకి వైపు ఎవర్నడిగినా చెబుతారు. పొద్దుగూకాక దాని మీంచి బండి పోనివ్వాలంటే రెండు పద్ధతులున్నాయి. ఒకటి, వంతెన ఎక్కేముందు మూడుసార్లు హారన్ కొట్టాలి. రెండోది... బండిలో ముందు సీటు ఖాళీగా వదలకూడదు.

ఎప్పుడో పెద్ద తుఫానుకి ఏరు పొంగిన రాత్రి, ఒక ఆడమనిషి ఆ వంతెన దగ్గర నిలబడి వచ్చే ప్రతి బండికీ చెయ్యి ఊపిందట. ఎవరూ ఆపలేదట. తెల్లారేసరికి ఆమె లేదు. అప్పట్నించీ ముందు సీటు ఖాళీగా కనపడితే చాలు, ఎక్కి కూర్చుంటుంది. ఏమీ అనదు, ఏమీ చెయ్యదు. జుట్టులోంచి నీళ్లు కారుతుంటాయి — అంతే. అవతలి గట్టు రాగానే దిగిపోతుందని కొందరంటారు. అసలు దిగదని ఇంకొందరంటారు.

నవ్వకండి. వంతెన దిగగానే మొదటి ఇల్లు నాది. వెనక చెరకు తోట, ముందు చిన్న దుకాణం. రోజూ చూస్తూనే ఉన్నాను కదా! ఒంటరిగా వచ్చే లారీ డ్రైవర్లు పక్క సీట్లో బియ్యం బస్తా నిలబెట్టి, దానికి బెల్టు కూడా పెట్టుకుని వస్తారు. బస్తా లేనివాళ్లు చేమదుంపల కట్ట పెడతారు. ఒక పోలీసాయనైతే తన టోపీ పెట్టుకుని వచ్చాడు. గవర్నమెంటు టోపీ కదా, ఆమాత్రం భయం ఉండదా అనుకున్నాడు కాబోలు.

ఇక మా గురుసామి మాస్టరు దగ్గరికొద్దాం. హెడ్‌మాస్టరు చేసి రిటైరయ్యాడు. మనిషి తాటిచెట్టంత పొడుగు, మాట అంతకంటే పొడుగు. ప్రావిడెంట్ ఫండు చేతికి రాగానే ఒక కారు కొనాలన్నాడు. అన్నాళ్లూ స్కూలు వ్యాను తోలడమే తప్ప సొంత బండి ఎరగడు పాపం. ఉన్నదంతా పెట్టి కొనేది ఒక్కటే కారు, మళ్లీ కొనేది లేదు. కొనాలన్న దగ్గర ఇంట్లో గొడవ లేదు. ఏది కొనాలన్న దగ్గరే కురుక్షేత్రం.

ఆయన మనసు పడింది జపాన్ నుంచి ఓడలో వచ్చిన పాత పెద్ద కారు మీద. నల్లగా నిగనిగలాడుతూ పడవంత ఉండేది. అక్కడెవరో కంపెనీ పెద్దమనిషి వాడి వదిలేశాడట. తోలు సీట్లు, వెనక అద్దానికి తెర, ఇంకా ఏవేవో హంగులు.

"కొత్త రేకు డబ్బాకీ, పాత మహారాజు బండికీ పోలికేంటి పొన్‌సామీ?" అనేవాడు సాయంత్రాలు నా చావిట్లో చాప మీద కూర్చుని, వేరు నూరి నీళ్లలో కలిపిన గ్రోగ్ చిప్ప ఎత్తుతూ.

వాళ్లావిడ రాజ్‌మతి వదినకి ఆ రేకు డబ్బాయే కావాలి. షోరూంలోంచి అప్పుడే దిగిన చిన్న కారు, సీట్ల మీద ప్లాస్టిక్ కవరు ఇంకా తీయనిది. అది ఆవిడ మోజు అనుకునేరు, కాదు. యాభై దాటాక, చెల్లెలింట్లో నాలుగు రోజులుంటానని వెళ్లి, డ్రైవింగ్ నేర్చుకుని లైసెన్సు పట్టుకొచ్చిన మనిషి ఆవిడ! చిన్న కారైతే అప్పుడప్పుడైనా తన చేతికి వస్తుంది. బజారుకీ, గుడికీ, చెల్లెలి దగ్గరికీ ఎవర్నీ బతిమాలకుండా వెళ్లొచ్చు. పెద్ద కారు వచ్చిందో, ఆ లైసెన్సు పెట్టెలో పడుండాల్సిందే.

ఎందుకంటే మాస్టరు ముందే తేల్చేశాడు. "అది ఆడవాళ్ల చేతికిచ్చే బండి కాదు. నువ్వు వెనక మహారాణిలా కూర్చో. నేను తోలతాను."

"పెళ్లైనప్పట్నించీ వెనకే కూర్చున్నాను చంద్రా," అంది వదిన మా ఆవిడతో ఓసారి. "బస్సులో వెనక, చెరకు లారీలో వెనక. ఇప్పుడు తోలు సీట్లో వెనకట. దానికి మహారాణి అని పేరట." అంటూ కళ్లు తుడుచుకుంది. నాకూ మనసు చివుక్కుమంది.

లౌటోకాలో ఆ కార్ల యార్డు నడిపేవాడు మాస్టరు పాత శిష్యుడే. ఒక సాయంత్రం తాళం ఆయన చేతిలో పెట్టి, "ఇవాళ్టికి ఇంటికి తీసుకెళ్లండి మాస్టర్‌జీ. రేపొచ్చి ఔనో కాదో చెప్పండి," అన్నాడట. ఇంకేముంది! మాస్టరు వెనక తలుపు తనే తీసి, వదినని కూర్చోబెట్టి, బయల్దేరాడు. ఇక్కణ్ణించి జరిగింది ఆయన నోట విన్నదే చెబుతున్నాను.

వంతెన దగ్గరికి వచ్చేసరికి బాగా చీకటి పడిపోయింది. సన్నటి తుంపర. ముందూ వెనకా ఒక్క బండి లేదు...

"ఏమండీ, హారన్ కొట్టండి," అంది వదిన వెనకనించి.

"ఇలాంటి బండికి హారనేంటే? చెరకు లారీ అనుకున్నావా?"

"ముందు సీటు కూడా ఖాళీగా ఉంది. పోనీ, నేను వచ్చి కూర్చోనా?"

"నోర్మూసుకుని కూర్చో. అవన్నీ చదువులేనివాళ్ల మాటలు."

ఆ తర్వాత వెనకనించి మాట లేదు. నిద్రపోయి ఉంటుందనుకున్నాడు మాస్టరు. వంతెన ఎక్కాడు. కింద చెక్కలు కిర్రుమన్నాయి. కారు లోపల మాత్రం చీమ చిటుక్కుమన్నా వినపడేంత నిశ్శబ్దం. దాని గొప్పే అది కదా మరి.

నడి వంతెన మీదకి వచ్చాడో లేదో... జ్‌జ్‌జ్ మని సన్నగా ఒక చప్పుడు.

అద్దంలోకి చూశాడు. వెనక అద్దం కిందనించి పైకి నల్లబడుతోంది. ఎవరో నల్లచీర పట్టుకుని మెల్లగా పైకి లేస్తున్నట్టు... మెల్లగా... పూర్తిగా మూసుకుపోయింది.

బ్రేకు తొక్కాడు. బండి ఆగింది. గుండె మాత్రం ఆగలేదు, చెవుల్లోకి వచ్చి కొట్టుకుంటోంది.

అప్పుడు వినపడింది — ఆడగొంతు. పాట. ఏ భాషో తెలియదు. తడిసి ముద్దయిన మనిషి తనలో తను పాడుకుంటున్నట్టు, నీరసంగా, దీనంగా... ఏ పక్కనించి వస్తోందో కూడా తెలియడం లేదు.

"ఎ... ఎవరమ్మా?" అన్నాడు.

పక్కనున్న ఖాళీ సీటు కదిలింది.

ముందు కాస్త ముందుకి జరిగింది. ఆగింది. తర్వాత... మెల్లగా... ఎవరో కూర్చుని, అమ్మయ్య అని వీపు ఆనించినట్టు వెనక్కి వాలింది.

అదే వేళకి నా చావిట్లో నేనూ, మా పక్కూరి ఫిజీ మనిషి ఇసిరేలీ గ్రోగ్ కలుపుకుని కూర్చున్నాం. తలుపు బాదిన చప్పుడుకి ఇసిరేలీ చేతిలో చిప్ప ఒలికింది. చూస్తే మాస్టరు! ఒంటి నిండా నీళ్లు, ఒక కాలికి చెప్పుంది, ఒక కాలికి లేదు.

"ఎక్కింది... ఎక్కి కూర్చుంది... వాలింది కూడా..."

"హారన్ కొట్టారా?" అన్నాడు ఇసిరేలీ నెమ్మదిగా.

మాస్టరు తల అడ్డంగా ఊపాడు.

"ముందు సీట్లో ఏం పెట్టారు?"

"ఏం... ఏం పెట్టలేదు."

ఇసిరేలీ చిప్ప బోర్లించేశాడు. ఈ సందడికి మా చంద్ర వంటింట్లోంచి గరిటె పట్టుకునే వచ్చింది. మమ్మల్ని చూసింది, మాస్టరు వెనక చీకట్లోకి చూసింది.

"మాస్టరుగారూ... వదినేదండీ?"

అబ్బ, ఆ క్షణం ఆయన మొహం చూడాలి!

"వెనక... వెనక సీట్లో..."

"వదినని దానికి అప్పగించి వచ్చారా? మీరసలు మనిషేనా?" గరిటె దించకుండానే అరిచింది చంద్ర. "పాపిష్టి కారూ మీరూ! నిలబడి చూస్తారేంటి ఇద్దరూ, కదలండి!"

టార్చి తీసుకుని గుమ్మం దిగాం. దిగామే గానీ కాళ్లు కదిలితేనా? ఇసిరేలీ నన్ను ముందు నడవమన్నాడు, ఊరు నీది కదా అన్నాడు. నేను అతన్ని ముందు నడవమన్నాను, ఏరు మీ తాతలది కదా అన్నాను. మాస్టరు నా చొక్కా వెనక పట్టుకుని వేలాడుతున్నాడు.

అంతలో... వంతెన మీంచి మూడుసార్లు హారన్.

రెండు దీపాలు కదిలాయి. నల్లకారు మావైపు వస్తోంది. మెల్లగా, నడిచే మనిషి కంటే మెల్లగా. ఆ పాట కూడా దానితోపాటే వస్తోంది. ఇసిరేలీ టార్చి ఎత్తి ముందు అద్దం మీదకి వెలుగు కొట్టాడు.

డ్రైవరు సీట్లో ఎవరూ లేరు.

దేవుడి మీద ఒట్టు, తల లేదు, భుజాలు లేవు. స్టీరింగ్ మాత్రం ఇటు కాస్త, అటు కాస్త తిరుగుతోంది. ఇసిరేలీ వాళ్ల భాషలో ప్రార్థన అందుకున్నాడు. నాకు ఏ దేవుడి పేరూ గుర్తు రాలేదు. కారు తిన్నగా వచ్చి మా దుకాణం ముందు ఆగింది. పాట ఆగిపోయింది. తలుపు తెరుచుకుంది... రబ్బరు చెప్పు వేసుకున్న ఒక కాలు కిందకి దిగింది.

రాజ్‌మతి వదిన!

ఆవిడ నా భుజం కూడా రాదు. సీటేమో మాస్టరు కాళ్ల పొడవుకి వెనక్కి జరిపి ఉంది. పాపం అంచు మీద వేలాడి, స్టీరింగ్ చక్రం సందులోంచి రోడ్డు చూసుకుంటూ వచ్చింది. అటు మమ్మల్నీ, ఇటు కారునీ ఒకసారి చూసి, చేతిలో ఉన్నది మాస్టరు ముందు పెట్టింది.

"చెప్పు వంతెన మీద వదిలేశారు," అంది. "అది కూడా."

తెల్లారింది. మాస్టరు మా చావిట్లోనే వదిన దగ్గరికొచ్చాడు. "చిన్న కారే కొందాం రాజ్‌మతీ. కొత్తది. ఎవరూ కూర్చోనిది," అన్నాడు. వదిన గెలిచిందిరా అని నేనూ చంద్రా మొహాలు చూసుకున్నాం.

"వద్దు," అంది వదిన. "నల్లదే కొందాం."

"నీకు మతి పోయిందా? దాంట్లో నేను మళ్లీ స్టీరింగ్ పట్టుకోను!"

"మిమ్మల్ని ఎవరు పట్టుకోమన్నారు? నేను తోలతాను. మీరు వెనక మహారాజులా కూర్చోండి. లేదంటారా, రాత్రి నన్ను ఎక్కడ వదిలేసి ఎటు పరిగెత్తారో ఆదివారం గుళ్లో నలుగురికీ చెబుతాను."

నల్లకారే కొన్నారు.

కొన్నాళ్లకి ఆవిడ ఒక్కతే దుకాణానికి వస్తే, ఉండబట్టలేక అడిగాను. నవ్వి, వెనక తలుపు తీసి, సీటు మధ్యలో చెయ్యి ఆనించుకునే మెత్త చూపించింది. దాని మూత ఎత్తితే వరసగా బటన్లు, మీద జపాను అక్షరాలు. వెనక కూర్చునే పెద్దమనిషి ఉన్నచోటు నుంచి కదలకుండా తెర లేపుకోడానికి, బండిలోనే ఉండిపోయిన జపాను పాట పెట్టుకోడానికి, ముందు ఖాళీ సీటు జరిపి కాళ్లు చాపుకోడానికి.

"మొదటిది తెలియక నొక్కానయ్యా. తెర లేచింది, ఆయన ఉలిక్కిపడ్డారు," అంది. "మిగతావి తెలిసే నొక్కాను. నోర్మూసుకోమన్నారు కదా... మూసుకున్నాను. చేతుల గురించి ఏమీ అనలేదు."

"అయినా నీకు చిన్న కారు కదా వదినా కావాల్సింది?"

"చిన్నదైతే తాళం ఆయన జేబులో ఉంటుంది. అడిగినప్పుడల్లా ఇస్తే ఇస్తారు, లేకపోతే లేదు. దీని తాళం జోలికి ఆయన రారు." అని కొంగుకి కట్టుకున్న తాళం చూపించింది. ఆ మర్నాడే ఆ మెత్తకి మూత తెరుచుకోకుండా అల్లిక గుడ్డ కప్పి, చుట్టూ గట్టిగా కుట్టేసింది కూడా. ఎంత తెలివండీ!

కథ ఇక్కడితో ఆపితే నాకూ హాయిగా ఉండేది.

మొన్న మాస్టరు గ్రోగ్ తాగుతూ చెప్పాడు. ఆ ముందు రోజు సాయంత్రం వంతెన మీదకి రాగానే, వెనకనించి, "రాజ్‌మతీ, భయం పోయిందే. రేపట్నించి నేనే తోలనా?" అన్నాడట. అంతే... ముందు ఖాళీ సీటు మెల్లగా వెనక్కి వాలి ఆయన మోకాళ్లకి తగిలిందట. ఇక చచ్చినా అడగనన్నాడు.

తర్వాత వదిన కనపడగానే కారు కిటికీ దగ్గరికెళ్లి గుసగుసగా అడిగాను. "భలే పని చేశావు గానీ, ఆ మెత్త కుట్టేశావు కదా? పైగా వెనకున్నది ఆయన. ముందునించి ఎలా నొక్కావు?"

వదిన నవ్వలేదు. వంతెన వైపు చూసింది.

"నేను నొక్కలేదయ్యా," అంది. "పాపం, ఆవిడ కోసం ఆ రోజు ఎవరూ ఆపలేదు కదా. వెనక్కి తిరిగి కూడా చూడలేదు. ఆ రాత్రి నడి వంతెన మీద ఒక్కదాన్నే కూర్చున్నప్పుడు, అదెలా ఉంటుందో నాకు తెలిసింది. అప్పట్నించీ చీకటి పడ్డాక వస్తే ఒక్క నిమిషం ఆపుతాను."

ఆవిడ కారు స్టార్ట్ చేసింది. పొద్దు అప్పటికే గూకింది. మూడుసార్లు హారన్ కొట్టి, వంతెన వైపు తిప్పింది. నేను ముందు సీటు వంక చూశాను. బస్తా లేదు, చేమదుంపల కట్ట లేదు. ఎవరూ లేరు.

బెల్టు మాత్రం పెట్టి ఉంది.