రానో ఎక్కడ?

ఫోను మోగేసరికి పరమ్‌జీత్ పరాఠాలు కాలుస్తోంది. రెండు చేతులకీ పిండి ఉండటంతో మోచేత్తో స్పీకర్ నొక్కింది.

"బిషనీ కౌర్ గారి ఇల్లేనా? దర్యాప్తు బృందం నుంచి మాట్లాడుతున్నాను. ఎల్లుండి వాయిదాకి ఆవిడ కూతురు రానోని తప్పకుండా తీసుకురండి."

అలాంటి కూతురెవరూ లేరనీ, తన అత్తగారికి ఉన్నది ఒక్క కొడుకేననీ, ఆయన తన భర్తేననీ పరమ్‌జీత్ చెప్పింది. అవతలి మనిషి ఓపిగ్గా వివరించాడు. ఎనభై నాలుగులో సిక్కుల మీద జరిగిన అల్లర్లలో బిషనీ కౌర్ భర్త గ్యాన్ సింగ్‌ను చంపిన గుంపును నడిపింది డిపో రతన్ అని కేసు. అప్పట్లో ఆ వీధికి రేషన్ ఇచ్చేది అతనే. కానీ ఆ సమయంలో తన ముఖాన్ని ఎవరో నేలకి అదిమి పట్టారనీ, రతన్‌ని దగ్గర్నుంచి చూసింది కూతురు రానో అనీ పోయిన వాయిదాలో బిషనీ కౌర్ స్వయంగా చెప్పింది. రానో రాకపోతే రతన్ విడుదలై ఇంటికి పోతాడు.

ఫోను పెట్టేశాడు. పరాఠా మాడిపోయింది.

తిలక్ విహార్‌లో అల్లర్లలో భర్తలు పోయినవాళ్ళు ఉండే, అందరూ వితంతువుల కాలనీ అని పిలిచే వీధిలో ఉంది ఆ ఇల్లు. గుమ్మం దగ్గర ఆమె భర్త తీరథ్ సింగ్ తలపాగా కట్టుకోవడానికి సిద్ధమవుతున్నాడు. గుడ్డ రెండో కొసని కూతురు జస్లీన్ పట్టుకుని మడత సరిచేస్తోంది. స్పీకర్లో మాటలన్నీ ఇద్దరికీ వినిపించాయి.

బఠాణీలు ఒలుస్తున్న అత్తగారి వైపు తిరిగింది పరమ్‌జీత్. "ఇన్నేళ్ళ కాపురంలో ఆడపడుచు పోరు లేదని మా అమ్మ దగ్గర గొప్పలు పోయాను, బీజీ. ఇప్పుడు పోలీసులే ఒకావిడని వెతికి పెడుతున్నారు. ఎవరీ రానో?"

బిషనీ కౌర్ ఇంకో కాయ ఒలిచింది.

"రాంగ్ నంబర్," అన్నాడు తీరథ్. కూతురి చేతిలోంచి గుడ్డ లాక్కుని, అద్దమైనా చూడకుండా చుట్టుకుని, స్కూలు వ్యాన్ తాళాలు తీసుకుని వెళ్ళిపోయాడు. ఒక్క మడత తేడా వస్తే మొత్తం విప్పి మళ్ళీ కట్టుకునే మనిషి. జస్లీన్‌కి భయం వేసింది.

ఆ రోజంతా పరమ్‌జీత్ అడుగుతూనే ఉంది. బతిమాలింది, విసుక్కుంది. చివరికి తనే ఊహించుకుని నోరు నొక్కుకుంది. ఆ అల్లర్లలో ఆడపిల్లలకి ఏం జరిగిందో ఈ కాలనీలో ఎవరూ ఎవరినీ అడగరు. ఆ పిల్లని ఎత్తుకుపోయారేమో. బతికే ఉందేమో. తిరిగొస్తే ఇంట్లోకి రానివ్వలేదేమో.

సాయంత్రం తీరథ్ వచ్చి కూర్చోగానే జస్లీన్ సూటిగా అడిగింది. "నాన్నా, రానో అత్త ఏమైంది?"

"చచ్చిపోయింది."

"బతికున్న బిడ్డని చంపకు," అంది బిషనీ కౌర్. పొద్దుట్నుంచి ఆమె నోరు విప్పడం అదే మొదలు. మనవరాలి వైపు తిరిగింది. "అత్త లేదు, ఎవరూ లేరు. రానో మీ నాన్నే."

ఆ తర్వాత ఆమె ఆపకుండా చెప్పింది. మగపిల్లల్ని కొప్పు పట్టి ఈడ్చుకుపోతున్నారని పక్క వీధినుంచి కబురొచ్చింది. కొందరు తల్లులు పిల్లల జుట్టుకి కత్తెర వేశారు. ఆరేళ్ళ తీరథ్‌కి మాత్రం పొరుగింటి పిల్ల గౌను తొడిగి జడలు వేశారు. గుంపు తలుపు విరగ్గొట్టింది. గ్యాన్ సింగ్‌ని వీధిలోకి లాగారు. రతన్ వచ్చి ఈ పిల్ల గడ్డం పట్టుకుని పేరడిగాడు. రానో అని చెప్పింది పిల్ల. సహాయ శిబిరంలో కూడా మగపిల్లల కోసం వెతుకుతున్నారని పుకారు పుట్టడంతో అధికారులకీ బిషనీ కౌర్ అదే పేరు చెప్పింది. వాంగ్మూలంలో ఒక్క మాట మార్చినా మొత్తం అబద్ధమంటారని ఎవరో బెదిరించారు. ఇక మార్చలేదు.

తీరథ్ నవ్వాడు. ఆ నవ్వు బాగాలేదు. "విన్నారుగా? ఇప్పుడు నేను బోనెక్కి, గౌను వేసుకున్నది నేనేనండీ అని చెప్పుకోవాలి. గురుద్వారాలో జనం పిలిచి మరీ పలకరిస్తారు."

"ఎవరు నవ్వితే మనకేం?" అంది పరమ్‌జీత్.

"ఎవరో ఎందుకు, నేనే నవ్వుకుంటున్నాను. మా నాన్న సింగ్‌లా చచ్చిపోయాడు. నేను జడలేసుకుని బతికాను. పోయేముందు నన్ను ఆ వేషంలో చూసి ఎంత సిగ్గుపడ్డాడో." తల్లి వైపు వేలు చూపించాడు. "ఈవిడ నన్ను బతికించలేదు. ఆయనకి కొడుకు లేకుండా చేసింది."

బిషనీ కౌర్ ఆ వేలు పట్టుకుని కిందికి దించింది.

"ఆ జడలు నేను వెయ్యలేదురా."

"మరి ఎవరు? నాకు గుర్తున్నది ఆ జడలే."

"మీ నాన్న వేశాడు. నా చేతుల్లో పాయలు నిలవక జారిపోయాయి. కత్తెర తీసుకుంటే ఆయన లాక్కున్నాడు. మంచాలు అల్లే చేతులు కదా, నిన్ను ఒళ్ళో కూర్చోబెట్టుకుని గట్టిగా అల్లాడు. నొప్పి అని ఏడిస్తే ముద్దుపెట్టుకున్నాడు. రానో అని పేరు పెట్టింది ఆయనే. ఎవరైనా అడిగితే తడబడకూడదని మళ్ళీ మళ్ళీ చెప్పించాడు. చివరిసారి నువ్వు సరిగ్గా చెప్పగానే, ఇక భయం లేదు బిషనీ, అన్నాడు. తలుపు విరిగింది అప్పుడే."

"ఎందుకు చెప్పలేదు నాకు?"

"మర్చిపోయావనుకున్నాను. పసివాడివి, మర్చిపోయావని రోజూ దణ్ణం పెట్టుకున్నాను."

తీరథ్ తలపాగా తీసి పక్కన పెట్టాడు. రెండు చేతులతో తల పట్టుకుని పైకి వినపడేలా ఏడ్చాడు. తండ్రి అలా ఏడవడం జస్లీన్ చూడటం అదే మొదటిసారి.

వాయిదా రోజున కోర్టులో రతన్ తరఫు లాయరు ఉత్సాహంగా ఉన్నాడు. రానో ఎక్కడ, అసలుందా, అని అడిగాడు.

"మీ ఎదురుగా ఉన్నాను," అన్నాడు బోనులోంచి తీరథ్ సింగ్. వెనక బెంచీల్లో ఎవరో కిసుక్కుమన్నారు. అతను ఆగలేదు. "నేను బతకాలని మా నాన్న నాకు జడలు అల్లాడు. ఈ మనిషి నా గడ్డం పట్టుకుని పేరడిగాడు. ఈయన గడ్డం కింద, గొంతు దగ్గర అడ్డంగా గాటు ఉంటుంది. ఎదురుగా నిలబడ్డవాళ్ళకి కనిపించదు. అప్పట్లో నేను ఈయన ఛాతీ ఎత్తు కూడా లేను, అందుకే కనిపించింది."

ముసలి రతన్ తల ఎత్తలేదు. చెయ్యి మాత్రం గడ్డం కిందికి వెళ్ళింది. జడ్జి అది చూశాడు.

తల పైకెత్తమని చెప్పి, గాటు ఉన్నట్టు రాయించి, కేసు వచ్చే నెలకి వాయిదా వేశాడు. ఇలాంటి వాయిదాలు ఇంకా చాలా ఉంటాయనీ, ముసలాడు అంతదాకా బతుకుతాడో లేదోననీ దర్యాప్తు అధికారి గొణిగాడు.

బయట వసారాలో బిషనీ కౌర్ నేలమీదే కూలబడింది. ఇన్ని వాయిదాల్లో ఏనాడూ ఏడవని మనిషి ఇప్పుడు ఆపుకోలేకపోతోంది. తీరథ్ పక్కన కూర్చుని ఆమె తలని భుజానికి ఆనించుకున్నాడు.

"ఓడిపోలేదుగా, ఎందుకేడుస్తున్నావమ్మా?"

"ఇన్నేళ్ళూ ఈ కోర్టులో నాకు కొడుకు లేడురా," అంది ఆమె.