నాయనమ్మ గదిలో మూడు గీతలు

హాల్లో నాలుగు గీతలు. వంటింట్లో మూడు. మెట్ల దగ్గర రెండు. ఇంజనీరమ్మ పైన తన గదిలోకి వెళ్లి అమ్మ ఫోను ఎత్తి పట్టుకుని చూసింది. ఒక్కటే గీత. అదీ ఉండీ ఉండనట్టుంది.

"నాన్నా, నా గదిలో వైఫై సిగ్నల్ ఘోరం!" అని ఫోన్లో అరిచింది.

"నీ గది సంగతి నాకు తెలుసులే," అని అవతల నాన్న నవ్వాడు. "అన్ని గదులూ తిరిగి చెప్పు. ఇక్కడ షాపతను అడుగుతున్నాడు."

ఇంజనీరమ్మ అసలు పేరు అది కాదు. చదివేది ఆరో తరగతే. కానీ మాటకు వెలిగే బల్బులు, ఫోనుతో తిరిగే ఫ్యాను, వీధి తలుపు దగ్గర కెమెరా, అన్నీ ఆ ఇంట్లో కలిపి పెట్టింది తనే. అందుకే నాన్న అలా పిలుస్తాడు. ఆ పిలుపంటే ఆ పిల్లకు ప్రాణం.

"గోడలకు చెవులుంటాయని మా రోజుల్లో ఊరికే అనేవాళ్లం. మీరు నిజంగానే పెట్టారు కదే!" అని నాయనమ్మ నవ్వేది.

నాయనమ్మది ఇంటి వెనక వైపు చివరి గది. ఆవిడ మోకాళ్లు మొరాయించాయి. ఎవరైనా పట్టుకోనిదే నడవలేదు. పిలిస్తే గొంతు హాలు దాకా రాదు. అందుకని మెడలో వేసుకునే బటన్ ఒకటి కొన్నారు. అది నొక్కితే హాల్లో స్పీకరూ, అమ్మ ఫోనూ మోగాలి. పాత వైఫైని నమ్మలేక దాన్ని ఇంకా పెట్టెలోంచి తియ్యలేదు. నాన్న ఇవాళ మెష్ వైఫై కొనడానికి వెళ్లింది ఆ బటన్ కోసమే.

షాపతను ఫోన్ అందుకున్నాడు.

"చూడు పాపా, మెష్ అంటే ఒక డబ్బా కాదు, రెండో మూడో ఉంటాయి. మంటలార్పేటప్పుడు బకెట్లు చేతులు మారతాయి చూడు, అలా ఒకటి అందుకుని ఇంకోదానికి ఇస్తుంది. మధ్యలో చెయ్యి లేకపోతే నీళ్లు అక్కడే ఆగిపోతాయి."

"అంకుల్, రెండు డబ్బాల సెట్ గేములకు సూపర్ స్పీడంట కదా?"

"స్పీడే. కాకపోతే దూరం తక్కువ. మూడు డబ్బాలది కాస్త నిదానం, కానీ ఎప్పుడూ మాట తప్పదు. చివరి గదిలో ఇప్పుడు గీతలు బాగుంటే రెండు చాలు. లేకపోతే మూడు కావాలి. అది చూసి చెప్పమ్మా."

ఇంజనీరమ్మ వసారా మొదట్లో ఆగింది. ఆ చివర నాయనమ్మ గది తలుపు వేసి ఉంది. లోపలికి వెళితే ఏమవుతుందో తనకు తెలుసు. "రావే తల్లీ, కూచో" అంటుంది. చెయ్యి పట్టుకుంటుంది. ఏం తిన్నావని అడుగుతుంది. తాతయ్య రైలు తప్పిపోయిన కథ మళ్లీ మొదలుపెడుతుంది. అక్కడ గేములో స్నేహితులు ఎదురుచూస్తున్నారు. రెండు డబ్బాల సెట్ వస్తే వాళ్లందరినీ ఓడించెయ్యొచ్చు.

"మూడు గీతలు నాన్నా," అంది.

"నాయనమ్మ గదిలోనా? లోపలికెళ్లి చూశావా?"

"చూశాను."

చూడలేదు. వసారా మొదట్లోంచే వెనక్కి తిరిగి వచ్చేసింది.

సాయంత్రానికి రెండు తెల్ల డబ్బాలు ఇంటికొచ్చాయి. ఒకటి హాల్లో పెట్టారు. రెండోది ఎక్కడ పెట్టాలని నాన్న అడిగితే, "నా గదిలో. అక్కడే సిగ్నల్ లేదు కదా!" అంది ఇంజనీరమ్మ. నాన్న నాయనమ్మ మెడలో బటన్ వేసి, "నొక్కమ్మా," అన్నాడు. నాయనమ్మ నొక్కింది. హాల్లో స్పీకరు గంటలా మోగింది. అందరూ చప్పట్లు కొట్టారు.

ఇల్లలకగానే పండగ కాదంటారు. అప్పుడు నాయనమ్మ గది తలుపు బార్లా తెరిచి ఉంది. నాయనమ్మకు పగలు తలుపు వేయించుకుని నడుం వాల్చే అలవాటుంది. తలుపు వేసి ఎవరూ నొక్కి చూడలేదు. ఒకసారి మోగింది కదా అని అందరూ నమ్మేశారు. అందరికంటే ఎక్కువగా నాయనమ్మ నమ్మింది.

కొన్నాళ్లకు ఓ సాయంత్రం ఇంజనీరమ్మ ఆ గది ముందు నుంచి వెళుతోంది. చెవుల మీద హెడ్‌ఫోన్లు, చేతిలో ట్యాబ్.

"ఏమే తల్లీ, మీ అమ్మకు ఈమధ్య పని ఎక్కువైందా?" అని నాయనమ్మ అడిగింది.

ఆ మాట ఇంజనీరమ్మకు సగమే వినిపించింది. "ఊ," అని వెళ్లిపోయింది.

ఒక్క ఊ. ఆగి ఎందుకని అడిగి ఉంటే సరిపోయేది.

తర్వాతి వారం ఓ మధ్యాహ్నం అమ్మ మేడ మీద గదిలో ఆఫీసు మీటింగులో ఉంది. ఇంజనీరమ్మకు స్కూలు లేదు. గేము మంచి రసపట్టులో ఉంది. హెడ్‌ఫోన్లు పెట్టుకున్నా కింద ఏదో దబ్బున పడ్డ చప్పుడు వినబడింది. అమ్మ మెట్లు దిగి పరుగెత్తింది.

నాయనమ్మ బాత్రూం గుమ్మం దగ్గర నేల మీద పడి ఉంది. చీర తడిసిపోయింది. కుడి చెయ్యి ఒంటి కింద ఇరుక్కుపోయింది. ఆవిడ ఏడవడం లేదు. "అయ్యో, నేలంతా పాడు చేశాను," అని గొణుగుతోంది.

ఆస్పత్రి నుంచి చేతికి కట్టుతో తీసుకొచ్చారు. మంచం మీద పడుకోబెట్టాక అమ్మ ఉండబట్టలేకపోయింది.

"ఎందుకు లేచారు అత్తయ్యా? మెడలో బటన్ ఉందిగా! ఒక్కసారి నొక్కితే నేను వచ్చేదాన్ని కదా!"

"నొక్కానమ్మా," అంది నాయనమ్మ.

అమ్మ ఆవిడ మెడలోని బటన్ వంక చూసింది.

"చాలాసేపు నొక్కాను. పోయిన వారం కూడా నొక్కాను. మీకు వినబడిందనే అనుకున్నా. పనుల్లో ఉంటారు, మాటిమాటికీ పిలిస్తే ఎవరికైనా విసుగే కదా. అందుకే నేనే వెళదామని..."

అమ్మ కుర్చీలో కూలబడింది. "వినబడీ రాలేదనుకున్నారా అత్తయ్యా?" అంది. నాయనమ్మ మొహం గోడ వైపు తిప్పుకుంది. అమ్మ చీర కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది.

నాన్న లేచి గది తలుపు వేశాడు. బటన్ నొక్కాడు. హాల్లో స్పీకరు మోగలేదు. మళ్లీ నొక్కాడు. మోగలేదు. అప్పుడు తన ఫోను తీసి చూశాడు. ఒక్క గీత కూడా లేదు.

"మూడు గీతలన్నావు కదమ్మా," అన్నాడు నెమ్మదిగా.

ఇంజనీరమ్మ మంచం పక్క నుంచి ఓ అడుగు వెనక్కి వేసింది. "చూడలేదు నాన్నా. లోపలికే వెళ్లలేదు."

నాన్న అరవలేదు, కొట్టలేదు. "సరే," అని బయటికి నడిచాడు. అరిచి ఉంటేనే బాగుండేదని ఆ పిల్లకు అనిపించింది. ఆ రోజు నుంచి నాన్న ఇంజనీరమ్మా అని పిలవడం మానేశాడు. ఇంట్లో మళ్లీ అసలు పేరే వినబడసాగింది.

పాత రెండు డబ్బాలూ తీసేసి మూడు డబ్బాల సెట్ తెచ్చారు. ఒకటి హాల్లో, ఒకటి వసారాలో, ఒకటి నాయనమ్మ గదిలో పెట్టారు. పిల్ల గదికి ఏదీ దక్కలేదు, తనూ అడగలేదు. తలుపు వేసి, కిటికీ వేసి, బటన్ నొక్కి నొక్కి చూసింది. నొక్కిన ప్రతిసారీ మోగింది.

"ఇప్పుడు తప్పకుండా మోగుతుంది నాయనమ్మా. వేసుకో," అంది.

"మోగుతుందిలే తల్లీ. ఆ కిటికీ గడియకు తగిలించు," అంది నాయనమ్మ.

ఆ బటన్ కిటికీ గడియకే వేలాడుతూ ఉండిపోయింది. హాల్లో స్పీకరు మళ్లీ మోగలేదు. డబ్బాలో ఏ లోపమూ లేదు. వైర్లు సరిగ్గానే ఉన్నాయి. నాయనమ్మే నొక్కడం లేదు. నమ్మకం మళ్లీ కలిపే బటన్ ఏ డబ్బాలోనూ ఉండదని అప్పటికి ఆ పిల్లకు అర్థమైంది.

మర్నాటి నుంచి స్కూలు నుంచి రాగానే పుస్తకాల సంచీ చివరి గదిలోకి తెచ్చుకుంది. హెడ్‌ఫోన్లు పై గదిలోనే ఉండిపోయాయి. నాయనమ్మ మంచం పక్కన కింద కూర్చుని లెక్కలు చేసుకునేది. "బాత్రూంకి వెళదామా?" అని అడిగేది. "వద్దులే, మీ అమ్మ వచ్చాక చూద్దాం," అనేది నాయనమ్మ. మర్నాడూ అదే మాట. ఆ తర్వాతా అదే. రైలు కథ మాత్రం చెప్పలేదు.

ఓ సాయంత్రం లెక్క మధ్యలో నాయనమ్మ మంచం మీద అటూ ఇటూ కదలడం వినబడింది. పిల్ల పెన్సిలు పక్కన పెట్టి లేచింది. మంచం పక్కకొచ్చి చెయ్యి చాచింది.

"నేను పిలవలేదే," అంది నాయనమ్మ.

"పిలవలేదు నాయనమ్మా."

నాయనమ్మ ఆ చేతి వంక చాలాసేపు చూసింది. తర్వాత కట్టు లేని చెయ్యి దాని మీద వేసి, మెల్లగా లేచింది.