తొమ్మిది చేతులు

పదిహేడో ఛాయ చెయ్యెత్తింది. రెండు జడల అమ్మాయి రూపం. కాంతితో అల్లిన ఆ ముఖం మీద చిన్న మొటిమ కూడా ఉంది.

"సార్, నిర్ణేత చెప్పింది మాకు నచ్చకపోతే ఎవరికి చెప్పాలి?"

పాఠం చెబుతున్న ఎల్లాగౌడ్ ఆగాడు. వెనక వరుసలో కూర్చున్న శిక్షకురాలు వకుళ తన పలక మీద, నేర్పిన పాఠం నుంచి అతను ఎంత పక్కకు జరిగాడో చూపే విచలన రేఖను చూసింది. నాలుగు దగ్గర ఉంది. ఆరు దాటితే ఉపాధ్యాయుడికి తరగతి గది ఉండదు. ఈ ప్రశ్నకు ఏం చెప్పాలో నిన్ననే అందరిచేతా వల్లె వేయించింది తను: నచ్చకపోవడం కూడా నిర్ణేతకు ముందే తెలుసు, దాన్ని కలుపుకునే నిర్ణయం జరిగింది.

ఎల్లాగౌడ్ ఆ మాట అనలేదు.

"నాకు తెల్వదు బిడ్డా. ఒకప్పుడు చెప్పుకునే జాగ ఉండె. ఇప్పుడు లేదు."

రేఖ పదకొండుకు ఎగిరింది. నలభై ఛాయలూ ఒక్కసారే ఆరిపోయాయి. ఖాళీ బల్లలూ, వాటి వెనక కూర్చుని చూస్తున్న తోటి ఉపాధ్యాయులూ మిగిలారు.

పై తరగతులకు పాలనాశాస్త్రం చెప్పేవాళ్లకు హనుమకొండ శిక్షణాలయంలో ఏటా ఏడు రోజులు ఇదే పరీక్ష. ఎన్నికలు ఆగిపోయి ముప్ఫై ఒక్క ఏళ్లయింది. ప్రతి మనిషి మాటనూ నడకనూ నిద్రనూ చదివి నిర్ణేత అతని అభిమతాన్ని గణిస్తుంది. గణించినదాన్ని మళ్లీ మనిషిని అడగడం దండగ అన్నది మొదటి పాఠం. వకుళ దాన్ని పందొమ్మిదేళ్లుగా ఎంత చక్కగా చెబుతోందంటే, విన్నవాళ్లకు సందేహమే రాదు.

ఆమె లేచి అతని దగ్గరికి వెళ్లింది.

"ఆ ఒక్క వాక్యం చెప్తే అయిపోయేది కదా గౌడ్ సారూ!"

"చెప్దామనే నోరు తెరిచిన మేడం. పోయినేడు మా బడిల ఒక పిల్ల గిదే అడిగింది. అప్పుడు మీరు నేర్పినట్టే చెప్పిన. ఆ పిల్ల ఇగ అడుగుడే బంద్ వెట్టింది. ఏడాది మొత్తం ఒక్క మాట అడుగలే."

గోడలోంచి నిర్ణేత మెత్తని గొంతు వినిపించింది.

"విచలనం పదకొండు. మౌనవిధి సిఫారసు. తోటి ఉపాధ్యాయులు ఇరవై ఇద్దరి అభిమత గణన పూర్తయింది. మౌనవిధి వద్దనేవారు ఇద్దరు. శిక్షకురాలు ధ్రువీకరించాలి."

మౌనవిధిలో పడినవాళ్లు పాతికేళ్ల లోపు వాళ్లతో మాట్లాడకూడదు. ఎల్లాగౌడ్ కూతురికి ఇరవై ఒకటి.

వకుళ బొటనవేలు పలక దాకా వెళ్లింది. అలాంటి అంకెల కింద ఎన్నిసార్లు వేలు ఆనించిందో ఆమెకే గుర్తులేదు. ఆ అంకెలో ఉన్న మనుషుల వైపు మాత్రం ఎప్పుడూ తలెత్తి చూడలేదు. ఇవాళ చూసింది. కొందరు నేలను చూస్తున్నారు. ఎవరో ఏడుపు ఆపుకుంటున్నారు. ఆమె వేలు వెనక్కి తీసుకుంది.

"గౌడ్ సారు బడిలోనే ఉండాలనుకునేవాళ్లు చేతులెత్తండి."

ముందు వరుసలోని రుక్మాంగదరావు గొంతు సవరించుకున్నాడు. అందరిలోకీ పెద్దవాడాయన.

"అభిమతం వచ్చేసింది కదా మేడం?"

"వచ్చిందండీ. నేను మిమ్మల్ని అడుగుతున్నాను."

జనగామ నుంచి వచ్చిన ఫాతిమా మొదట ఎత్తింది. తర్వాత మరొకరు. ఆ తర్వాత చాలాసేపు ఎవరూ ఎత్తలేదు. ఇక ఇంతే అనుకుంటుండగా కిటికీ పక్కన ఇంకో చెయ్యి భుజం దాకా లేచి, ఆగి, పైకి వెళ్లింది. దాని వెనకే మరికొన్ని లేచాయి. వకుళ నడుస్తూ ఒక్కొక్కటే పైకి లెక్కపెట్టింది.

"తొమ్మిది."

"రెండు," అంది గోడ.

"తొమ్మిది. చూసి చెప్తున్నాను."

రెప్పపాటులో బదులిచ్చే గోడ ఈసారి మాట్లాడలేదు. దాని మీద ఎడతెగకుండా జారే ఆనాటి ఉత్తర్వులు ఒక్కొక్కటే నిలిచిపోయాయి. చివరికి అక్షరాలు వెలిగాయి. వ్యత్యాసం ఏడు. కారణం తెలియదు. పునర్గణన: హనుమకొండ. కాసేపటికి ఊరి పేరు చెరిగిపోయి ఆ చోట రాష్ట్రం పేరు వచ్చింది.

"గోడ సంగతి సరే," అన్నాడు ఎల్లాగౌడ్. "నేనైతే ఓడిన గద మేడం?"

అబద్ధం చెబుదామనిపించింది వకుళకు.

"ఓడారు సారూ. పదమూడు మంది ఎత్తలేదు."

అతను తల ఊపాడు. కోటుకున్న ఉపాధ్యాయుడి బిళ్ల తీసి బల్ల మీద పెట్టాడు. "మనుషులే ఓడగొట్టిన్రు. గదన్న ఉన్నది," అని ఎవరి ముఖమూ చూడకుండా బయటికి నడిచాడు. తలుపు మూసుకుంది.

"మేడం," అన్నాడు రుక్మాంగదరావు. ఆయన చెయ్యి పైకి లేచి ఉంది. "ఎత్తుదామనే అనుకున్నాను."

"లెక్క అయిపోయిందండీ."

"తెలుసు," అన్నాడాయన. చెయ్యి దించలేదు.