పాత మాట చెల్లదు

లాయరమ్మ ఆఫీసులో ఏసీ పాడైంది. టేబుల్ ఫ్యాను ఒకటి తల అటూ ఇటూ తిప్పుతూ, మొగుడి మాటలూ పెళ్ళాం మాటలూ వంతులవారీగా వింటున్నట్టుంది.

"ఫ్లాటు సంగతి తేలింది, పాలసీలు తేలాయి," అంది లాయరమ్మ కళ్ళజోడు నుదుటి మీదికి తోసుకుంటూ. "అసలుది మిగిలింది. మీరిద్దరూ ఒకేసారి లేకుండా పోతే, పిల్లలు ఎవరి దగ్గర పెరగాలి?"

వీలునామా రాద్దామని పట్టుబట్టింది పెళ్ళామే. అయినా ఆ ప్రశ్న వినగానే చేతిలోని పెన్ను కింద పెట్టేసింది. కూతురికి ఆరేళ్ళు, కొడుక్కి మూడు. వాళ్ళిద్దర్నీ ఎవరి ఇంటి గుమ్మం ముందు నిలబెట్టి ఊహించుకోవాలి?

"మా తమ్ముడున్నాడుగా," అన్నాడు మొగుడు.

"మీ తమ్ముడు చేపలకి మేత వేయడం మర్చిపోయాడు. తొట్టె నిండా వెల్లకిలా తేలాయి."

"చేపలు వేరు, పిల్లలు వేరు."

"పిల్లలకి ఇంకా ఎక్కువ మేత కావాలి. మా అక్క దగ్గర పెరుగుతారు."

అక్క ఒంటరి మనిషి. రేడియోలో పిల్లల కార్యక్రమానికి గొంతులిస్తుంది. ముసలి రాజు, జిత్తులమారి నక్క, జలుబు చేసిన గుడ్లగూబ, అన్నీ తనే. చిన్నప్పుడు వాళ్ళమ్మ గొంతుతో "ఇంకా పడుకోలేదటే" అని తలుపు చాటునుంచి గద్దించి, చెల్లెలు దుప్పటి ముసుగేసుకునేదాకా వదిలేది కాదు. పిల్లలంటే ప్రాణం పెడుతుంది.

"అయితే ఒక పని చేయండి," అంది లాయరమ్మ. "సంతకానికి ముందు పిల్లల్ని నాలుగు రోజులు ఆవిడ దగ్గర ఉంచి చూడండి. ఫోన్లు చేయొద్దు, తొంగి చూడొద్దు. మీరు లేనట్టే ఉండాలి."

"రాశాక మనసు మారితే?" అడిగింది పెళ్ళాం.

"మళ్ళీ రాసుకోవచ్చు. కొత్తది వచ్చాక పాతది చెల్లదు. పాతది ఎంత నిజమైనదైనా సరే."

ఆ చివరి ముక్క ఎందుకో ఆమెకి నచ్చలేదు. మనసులోనే పక్కన పెట్టేసింది.

ఆమె పని రక్తపరీక్షల కేంద్రంలో. పొద్దుట్నుంచీ సూదులూ, స్పిరిట్ అద్దిన దూదీ. ఏ సబ్బుతో ఎంత రుద్దినా ఆ స్పిరిట్ వాసన చేతులకి వదలదు. "చీకట్లో వెయ్యిమందిలో ఉన్నా నిన్ను పట్టుకోగలను," అని మొగుడు ఎగతాళి చేస్తాడు. కూతురికైతే అది జోలపాటతో సమానం. అమ్మ వేళ్ళు ముక్కు దగ్గర పెట్టుకుని పడుకుంటుంది.

ఆ పిల్లని ఇంట్లో అందరూ పోలీసమ్మ అంటారు. అన్నిటికీ రూలుండాలి దానికి. స్కూలు దగ్గర ఎవరైనా వచ్చి "మీ అమ్మ పంపింది" అంటే నమ్మకుండా ఉండేందుకు తల్లి ఒక గుట్టు మాట పెట్టింది. సబ్బు తిన్న బాతు. అది చెప్పకపోతే పోలీసమ్మ తాతతో కూడా గేటు దాటదు.

పిల్లల్ని దింపిన రోజు అక్క గుమ్మంలోనే అడిగింది.

"ఆ గుట్టు మాటేదో నాకూ చెప్పవే."

"అది నాకూ దానికీ మధ్యక్కా."

"రేపు వాళ్ళమ్మని అయ్యేది నేనేగా."

"అమ్మవి కావు. మేం పోతే చూసుకునే మనిషివి," అంది చెల్లెలు బుడ్డోడి చెప్పులు విప్పుతూ. ఆమెకి మాటలు నున్నగా చెక్కడం చేతకాదు.

అక్క నవ్వింది. ఆ నవ్వు ఏ పాత్రదో ఆమెకి గుర్తురాలేదు.

*

రెండో రోజు సాయంత్రానికే ఇల్లు మింగేస్తున్నట్టనిపించింది. మొగుడు కొత్త వంతెన పని మీద వేరే ఊళ్ళో ఉన్నాడు. బుడ్డోడి బుల్లి దిండు సోఫా కింద దొరికింది. అది లేకుండా వాడు నిద్రపోడు. ఆ సాకు చాలనుకుని, పని బట్టల్లోనే బయల్దేరింది. మధ్యాహ్నం పరీక్షల కేంద్రంలో స్పిరిట్ సీసా ఒలికి మోచేతుల దాకా తడిసింది కూడా. ఆటోవాడు ముక్కు ముడుచుకుని "ఆసుపత్రా మేడమ్?" అని అడిగాడు.

అక్క ఉండే వీధికి చేరేసరికి రాత్రయింది. ఎడతెగని ముసురు, ఆపైన కరెంటు లేదు. మూడంతస్తుల పాత మేడ. మెట్ల మీద తడిసిన సున్నం వాసన. ఎవరో ఆరేసిన గొడుగు నుంచి నీటిచుక్కలు ఒక్కొక్కటే రాలుతున్నాయి. ఫోన్ వెలుగులో మెట్లెక్కింది.

రెండో అంతస్తు మలుపులో ఆ సున్నం వాసన మధ్య ఇంకో వాసన తగిలింది.

స్పిరిట్.

తన చేతులదే అనుకుంది. కానీ వాసన పైనుంచి దిగుతోంది. మెట్టెక్కిన కొద్దీ చిక్కనవుతోంది. అక్క తలుపు దగ్గరికి వచ్చేసరికి కళ్ళు మండాయి.

లోపల కొవ్వొత్తి వెలుగు. తలుపు కింద సన్నటి పసుప్పచ్చ గీత. కథ చెబుతున్నారెవరో.

"...అప్పుడా బాతు సబ్బు ముక్క గుటుక్కున మింగేసి, క్వాక్‌మనబోయి బుడగ వదిలింది..."

అది ఆమె కథ. ఆమె అల్లిన కథ. చెబుతున్నది ఆమె గొంతే. 'బుడగ' దగ్గర ఊపిరి తీసుకోవడం కూడా ఆమెదే.

బుడ్డోడు కిలకిల నవ్వాడు.

ఆమెకి ముందు భయం వేయలేదు. ఒళ్ళు మండింది. అక్క తన గొంతు పట్టేసింది. నా పిల్లల్ని నా గొంతుతోనే నా నుంచి లాక్కుంటోంది. ఇంకా బతికుండగానే. తోడబుట్టింది కదా అని నెత్తిన పెట్టుకున్నందుకు మంచి పనే చేసింది.

తలుపు దబదబా బాదింది. "అక్కా, ఆ వేషాలు ఆపి తలుపు తియ్."

కథ ఆగింది. చిన్న అడుగులు దగ్గరికొచ్చాయి.

"ఎవరు?" పోలీసమ్మ గొంతు.

"అమ్మనిరా తల్లీ. తియ్."

"గుట్టు మాట?"

అంత కోపంలోనూ ఆమెకి నవ్వొచ్చింది. "సబ్బు తిన్న బాతు."

లోపల గొళ్ళెం కదల్లేదు.

"అది పాతది," అంది పిల్ల మెల్లగా. "కొత్తది పెట్టాక పాతది చెల్లదు."

ఆమె తలుపుకి చెవి ఆనించింది. "ఎవరు పెట్టారు కొత్తది?"

"అమ్మ."

"పోలీసమ్మా... నేనే అమ్మని. అది పెద్దమ్మ నా గొంతుతో ఆడుతోంది. పెద్దమ్మని పిలువు."

"పెద్దమ్మ ఇంట్లో లేదు. పాలకెళ్ళింది. అమ్మ గొంతుతో ఎవరైనా వస్తే తీయొద్దని చెప్పి వెళ్ళింది."

వెనక మెట్ల మీద చెప్పుల చప్పుడు.

ఆమె ఫోన్ అటు తిప్పింది. తడిసిన చీర చెంగు. చేతిలో పాల ప్యాకెట్లు.

అక్క.

లోపల కథ మళ్ళీ మొదలైంది. "...ఆ బుడగ పైకి, పైకి, ఇంకా పైకి..."

అక్క పెదవులు కదలడం లేదు.

"అరవకు," గుసగుసగా అంది అక్క. మెట్టు మీద కూలబడింది. "అరిస్తే దానికి కోపమొస్తుంది."

"దానికి అంటే..."

"నువ్వు దింపి వెళ్ళిన సాయంత్రమే వచ్చింది. ఏదో మర్చిపోయి వచ్చావనుకుని తలుపు తీశాను. పొద్దున్న చూస్తే కాఫీ తాగలేదు... ఏమీ తినదు. అప్పుడు తెలిసింది."

"తెలిసీ ఊరుకున్నావా? నా పిల్లల్ని దాని ముందు పడేసి పాలకెళ్ళావా?"

"పిల్లలు ఏడుపు మానేశారే." అక్క పాల ప్యాకెట్లు ఒళ్ళో పెట్టుకుని నిమురుతోంది. "నన్ను కూడా పక్కన కూర్చోబెట్టుకుంది. వీళ్ళకి మనిద్దరం అమ్మలమే అంది. నీ గొంతుతోనే అంది. ఆ మాట నువ్వు అనలేకపోయావు కదా."

ఆమె అక్క ముఖం మీదికి వెలుగు తిప్పింది. చిన్నప్పుడు దుప్పటి ముసుగులో వణుకుతుంటే చివరికి వచ్చి పక్కన పడుకునే అక్క. నాలుగు రోజులకి నమ్మిన అక్క.

"తాళం చెవి ఇవ్వు."

"లోపలే ఉంది. అది తీస్తేనే..."

మొగుడికి ఫోన్ చేసింది. ఆపకుండా మోగింది. చివరికి ఎత్తాడు.

"మళ్ళీ ఏంటి?" నిద్రమత్తు గొంతు. "ఇప్పుడే కదా చేశావు."

"నేను... చేయలేదు."

"పిల్లలు హాయిగా ఉన్నారు, ఇక్కడే ఉండిపోతామంది నువ్వేగా. సరే అన్నానుగా."

"అది నేను కాదు. విను. నేను బయట ఉన్నాను. లోపల ఇంకెవరో..."

అవతల మంచం కిర్రుమంది. లేచి కూర్చున్నట్టున్నాడు.

"ఇలా ఎవరో ఒకరు ఫోన్ చేస్తారని తను ముందే చెప్పింది," అన్నాడు. గొంతులో మత్తు లేదిప్పుడు. పదేళ్ళ కాపురంలో ఆమెతో ఎన్నడూ మాట్లాడని గొంతు. "గుట్టు మాట అడగమంది. చెప్పు."

ఆమె చెప్పింది.

ఫోన్ కట్ అయింది.

లోపల కథ కూడా ఆగిపోయింది. వింటున్నట్టు.

ఆమె తలుపు ముందు నేల మీద బోర్లా పడుకుంది. చెంపకి తడి గచ్చు చల్లగా తగిలింది. తలుపు కింద సందులోంచి చిన్న పాదాలు కనిపించాయి. ఇంకా అక్కడే నిలబడింది పిల్ల. దాని వెనక... కాస్త దూరంలో... పెద్ద పాదాలు. రెండో వేలు బొటనవేలి కంటే పొడుగు.

ఆమెవీ అంతే.

"బంగారూ," అంది గుసగుసగా. "మాటలు ఎవరైనా మారుస్తారు. వాసన మార్చలేరు. అమ్మ చెయ్యి నీకు తెలుసుగా. ఇదిగో... చూడు."

వేళ్ళు సందులోంచి లోపలికి తోసింది. చెక్క పెచ్చు గీరుకుని చర్మం లేచింది. పట్టించుకోలేదు.

పిల్ల వంగింది. వెచ్చటి ఊపిరి వేలి కొసలకి తగిలింది. ఒకసారి. మళ్ళీ ఒకసారి. ప్రతి రాత్రీ తగిలే ఊపిరే.

ఆమెకి ఏడుపొచ్చింది. గెలిచాననుకుంది.

"అమ్మా," అంది పిల్ల, వెనక్కి తిరిగి. "నువ్వు చెప్పింది నిజమే. దీనికి ఏ వాసనా లేదు."

"ఇలా వచ్చెయ్ తల్లీ," అంది ఆమె గొంతు, లోపల్నుంచి, ఎంతో ప్రేమగా.

పాదాలు వెళ్ళిపోయాయి. పసుప్పచ్చ గీత ఆరిపోయింది.

ఆమె చెయ్యి వెనక్కి లాక్కుంది. ఆ చీకట్లో వేళ్ళు ముక్కు దగ్గర పెట్టుకుంది. తర్వాత అరచెయ్యి. మణికట్టు. మధ్యాహ్నం సీసాడు స్పిరిట్‌లో తడిసిన మోచెయ్యి.

మళ్ళీ వాసన చూసింది. రెండో చెయ్యి కూడా. ఎక్కడా స్పిరిట్ వాసన లేదు.

పక్కన మెట్టు మీద పాల ప్యాకెట్లు జారి కింద పడ్డాయి. అక్క ఆమెనే చూస్తూ... చప్పుడు చేయకుండా... ఒక మెట్టు కిందికి జరిగింది. తర్వాత ఇంకో మెట్టు.